మా వసారాలో హాస్టలు

వేసవి మొదలైతే చాలు, తల్లిదండ్రుల ఫోన్లు మొదలవుతాయి. నేను గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. "మేడమ్, మా అమ్మాయి పది రాసిందండీ. ఈ రెండు నెలలూ ఏం చేయిస్తే కాలేజీలో ఇబ్బంది పడకుండా ఉంటుందండీ?" అని అడుగుతారు. నేను గొంతు సవరించుకుని, పెందలాడే లేపమంటాను, లెక్కని ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకోవడం అలవాటు చేయించమంటాను, ఫోను దూరంగా పెట్టమంటాను. అన్నీ మంచి మాటలే. నా పదో తరగతి వేసవిలో నేనేం చేశానో మాత్రం చెప్పను. చెబితే పిల్లల్ని వేరే కాలేజీలో చేర్చుకుంటారని భయం.

ఆ వేసవిలో నేను మా ఇంటి వసారాలోనే హాస్టల్లో చేరాను. వార్డెను మా నాయనమ్మ, వంటవాడు మా నాన్న, విద్యార్థినిని నేనొక్కదాన్నే. అన్ని రూల్సు ఉన్న హాస్టలు గానీ, అన్ని దొంగతనాలు జరిగిన హాస్టలు గానీ ఈ చుట్టుపక్కల ఇంకోటి ఉండదు.

మాది గుంటూరుకి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న నల్లరేగడి ఊరు. అందరూ మిరపో పత్తో వేస్తారు, అందరికీ పెద్ద గొంతే. మా ఊళ్ళో రహస్యం చెప్పినా వీధి చివరిదాకా వినబడేలా చెబుతారు. నాన్న దృష్టిలో గుంటూరంటే మిర్చి యార్డు. మిగతా ఊరంతా యార్డుకి వెళ్ళే దారి. అలాంటి గుంటూరులో హాస్టల్లో ఉండి ఎంపీసీ చదువుతానని పది పరీక్షలు అయిన రోజున అన్నం తింటూ ప్రకటించాను.

"ఇక్కడ కాలేజీ లేదా?" అంది అమ్మ.

ఉంది. మూడు కిలోమీటర్ల దూరంలో మండలం కాలేజీ ఉంది, సైకిలు మీద పోయి రావచ్చు. కాకపోతే అప్పటికి ఏడాదిగా అక్కడ లెక్కలు చెప్పేవాళ్ళు లేరు. నాకేమో లెక్కలంటే ప్రాణం. లెక్కల మాస్టారు లేనిచోట ఎంపీసీలో చేరడమంటే నీళ్ళు లేని బావిలో ఈత నేర్చుకోవడమే. ఆ మాటే అన్నాను. అమ్మ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. మా ఇంట్లో అమ్మ వద్దనడానికి అదొక పద్ధతి.

నాన్న మాత్రం నోటితోనే అన్నాడు. "అమ్మమ్మగారింటికి పోతేనే రెండో రోజుకి జ్వరం తెచ్చుకుంటావు. నువ్వు హాస్టల్లో ఉంటావా?"

జ్వరం మాట నిజమే. అందుకే నాకు ఒళ్ళు మండింది. "ఉంటాను. నెల రోజులు ఎక్కడ ఉండమంటే అక్కడ ఉండి చూపిస్తాను" అన్నాను.

"ఎక్కడో ఎందుకు? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈ వసారాలోనే నెల రోజులు హాస్టల్లో ఉన్నట్టు ఉండు. నెల నిండితే నేనే పెట్టె మోసుకొచ్చి గుంటూరులో దించుతా. ఒక్క రూలు తప్పినా మండలం కాలేజీయే. మళ్ళీ నోరెత్తకూడదు."

సరేనన్నాను. కొరివితో తల గోక్కున్నానని మర్నాడు గానీ తెలియలేదు.

నాన్న నా దగ్గర మిగిలిపోయిన లాంగ్ నోట్సు ఒకటి తీసుకుని రూల్సు రాశాడు. నాన్న కాగితం మీద పెన్ను పెట్టేది ఎరువుల కొట్లో సంతకానికే. అలాంటి మనిషి పదకొండు రూల్సు ఎక్కడా ఆగకుండా గడగడా రాసేశాడు. ఐదింటికి గంట. స్నానానికి ఒకటే బక్కెట్టు. బట్టలు ఎవరివి వాళ్ళే ఉతుక్కోవాలి. కంచం ఎవరిది వాళ్ళే కడుక్కోవాలి. పెట్టింది తినాలి, మారు అడగకూడదు, బయటి తిండి ముట్టకూడదు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు స్టడీ అవర్. ఆదివారం నాలుగు నుంచి ఐదు దాకా తల్లిదండ్రులు చూడటానికి రావచ్చు. మిగతా రోజుల్లో ఇంట్లోవాళ్ళతో మాటల్లేవు. తల్లో తండ్రో చీటీ రాసి సంతకం పెడితే తప్ప గేటు దాటకూడదు. ఈయనకి ఇవన్నీ ఎలా తెలుసన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టనే లేదు.

గేటు ఎక్కడ అన్నది పెద్ద చర్చ అయింది. మా వసారాకి గేటు లేదు, నాలుగు మెట్లున్నాయి. నాయనమ్మ పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు వేశాక, మిగిలిన ముగ్గుతో మెట్ల కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక గీత లాగింది. "ఇదే గేటు. దాటావో, కాళ్ళిరగ్గొడతా" అంది. చదువు రాని మనిషికి పదవి ఇస్తే ఎలా ఉంటుందో ఆ నెలంతా చూశాను. ఐదింటికి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టేది. ఆ దెబ్బకి నేనే కాదు, పక్కింటివాళ్ళ గేదెలు కూడా లేచి నిలబడేవి.

వంట దగ్గర అమ్మ అడ్డం తిరిగింది. హాస్టల్లో లాగా పలచని సాంబారు, ఉండలు కట్టిన ఉప్మా చేయమని నాన్న అడిగితే, "నా చేత్తో అలాంటివి చేయను. కావాలంటే మీరే చేసుకోండి" అంది. ఆమె పౌరుషం ఆమెది. దాంతో నాన్నే వంటవాడయ్యాడు. ఆయన ఉప్మా మొదటిరోజు నుంచే అచ్చం హాస్టలు ఉప్మా. గరిటె నిలబెడితే నిలబడేది. సాంబారులో ములక్కాడ ముక్క దొరికిన రోజు నేను నోట్సులో రాసుకునేదాన్ని.

ఇన్ని కష్టాల్లో ఒక సుఖం ఉంది. ఆ రోజుల్లో మా రోడ్డవతల కల్లంలో ఆఖరి కోత మిరపకాయలు ఎండుతున్నాయి. ఎండిన కాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కన పడేయడం ప్రతి వేసవిలో నా పని. పగలంతా కల్లంలో కూర్చుంటే కళ్ళు, ముక్కు, అరిచేతులు ఒకేసారి మండుతాయి. ఈసారి నేను హాస్టల్లో ఉన్నాను. గేటు దాటకూడదు. అమ్మ తలకి తువ్వాలు చుట్టుకుని కల్లానికి పోతూ నావైపు చూసేది. నేను ఫ్యాను కింద పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకునేదాన్ని. సిగ్గుపడాల్సిందే. అప్పుడు పడలేదు.

ఇక స్టడీ అవర్. మా వార్డెనుకి చదువు రాకపోయినా, చదువు గురించి ఒక సిద్ధాంతం ఉంది. పెదాలు కదిలితేనే చదువు. మనసులో చదువుకుంటున్నానంటే ఒప్పుకోదు. "మనసులో కూర వండుకుని తింటే కడుపు నిండుద్దా?" అనేది. సరే, పెదాలు కదపడమే కదా కావాల్సింది. అటక మీద అట్టలూడిన పాత వారపత్రికల కట్ట ఒకటుండేది. అందులోంచి ఒక సీరియల్ కథ చింపి, సీనియర్ల దగ్గర తెచ్చుకున్న ఇంటర్ లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాను. దాన్ని సూత్రాలు వల్లె వేస్తున్నట్టు ఒకే రాగంలో పైకి చదివేదాన్ని.

మూడు రోజులు హాయిగా గడిచింది. నాలుగో రోజు పొద్దున నిజంగానే లెక్కలు తీసి మాత్రికల గురించి చదువుతుంటే, నాయనమ్మ గోడకి ఆనుకుని కూర్చున్నదల్లా ముందుకి వంగింది.

"ఏమే, ఆ చెరుకుతోట పిల్లకి పెళ్ళి కుదిరిందా లేదా?"

చెరుకుతోట పిల్ల మాత్రికల్లో లేదు, సీరియల్లో ఉంది. అంటే మూడు రోజులుగా ఈవిడ వింటూనే ఉంది. కంగారులో ఆవిడకి రాత రాదన్న సంగతే మరిచిపోయి, రాసి నాన్నకి చూపిస్తుందేమోనని చేతులు పట్టుకున్నాను. నాయనమ్మ చేతులు విడిపించుకుని అటూ ఇటూ చూసింది.

"రాయడానికి నాకు రాతొచ్చా? ముందు ఆ పిల్ల సంగతి చదువు. లెక్కలు తర్వాత చేసుకుందువు గానీ."

ఆ రోజు నుంచి ఒప్పందం. రెండు గంటలు లెక్కలు, ఒక గంట చెరుకుతోట. కంచే చేను మేసినట్టయింది మా హాస్టలు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. లెక్కలు పూర్తికాకపోతే కథ మొదలుపెట్టనిచ్చేది కాదు నాయనమ్మ. కథ మీద ఆశతో నా చేత లెక్కలు చేయించింది. ఇంగ్లీషులో ఉన్న లెక్కని ఆవిడకి అర్థమయ్యే తెలుగులో చెప్పాల్సి వచ్చేది కూడా. "అంటే ఏంటి? అంటే ఏంటి?" అని ప్రాణం తీసేది. ఇప్పటికీ క్లాసులో పిల్లలు దిక్కులు చూస్తుంటే, ఇది నాయనమ్మకైతే ఎలా చెబుదును అనుకుని మళ్ళీ మొదలుపెడతాను.

లంచానికి బదులు లంచం నడిచింది. నాన్న సాంబారు అన్నం పెట్టి వెళ్ళిన కాసేపటికి వార్డెను చెంగు కింద ఒక చిన్న గిన్నె వచ్చేది. అందులో పండుమిరపకాయ పచ్చడి కలిపిన ముద్దలు రెండు, మధ్యలో వెన్నపూస. ఆ పచ్చడి అమ్మ పెట్టింది. అమ్మకి తెలియకుండా జాడీలోంచి దొంగిలిస్తోందనుకున్నాను. దొంగిలించడం మామూలుగా జరిగేదే అన్నట్టు నాయనమ్మ కూడా మాట్లాడేది కాదు.

అమ్మ యుద్ధం వేరే తీరున సాగుతోంది. నేను హాస్టల్లో ఉండలేనని నిరూపించాలని ఆమె కంకణం కట్టుకుంది. సరిగ్గా సాయంత్రం స్టడీ అవర్లో వంటింట్లో గుత్తివంకాయ మొదలయ్యేది. తిరగమోత వాసన వసారాలోకి వచ్చేలా తలుపు బార్లా తీసిపెట్టేది. ఒకరోజు గోంగూరలో వెల్లుల్లిపాయలు వేయించి వేస్తూ, గోడకి చెబుతున్నట్టు, "పాపం, కొంతమందికి ఇవాళ పలచని సాంబారేనంట" అంది. మాట్లాడకూడదు కాబట్టి నేను గోడవైపే తిరిగి, "కొంతమందికి సాంబారంటేనే ఇష్టమంట" అన్నాను. నిజానికి నోట్లో నీళ్ళూరి పుస్తకం మీద పడబోయాయి.

మొదటి ఆదివారం సరిగ్గా నాలుగింటికి నాన్న పెరటి దారిన బయటికి పోయి, వీధి చుట్టి వాకిట్లోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో డజను అరటిపళ్ళు, ఒక బిస్కెట్ ప్యాకెట్. ముగ్గు గీత దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఎవరు కావాలి?" అంది నాయనమ్మ, మెట్ల మీద నుంచి కదలకుండా.

"మా అమ్మాయిని చూడాలండీ."

"ఏం చదువుతోంది?"

"ఎంపీసీ అండీ."

"గంటే. అరటిపళ్ళు ఇటివ్వు, చూసి పంపిస్తా."

పన్నెండులో మూడు వార్డెను చూడటంలోనే పోయాయి. రూల్సు రాసిన లాంగ్ నోట్సే మా రిజిస్టరు. నాన్న అందులో సంతకం పెట్టి నా ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"బాగా తింటున్నావా అమ్మా?"

"ఉప్మా బాగుండట్లేదు నాన్నా."

"అట్నా? వంటవాడితో నేను మాట్లాడతాలే."

నాయనమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. నాన్న మాత్రం నవ్వలేదు. నవ్వకుండా గంటసేపూ కూర్చున్నాడు. ఏ లెక్కలు కష్టంగా ఉన్నాయని అడిగాడు, బావిలో ఈత మాట ఎవరు నేర్పారని అడిగాడు. పదిహేనేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. అలా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం అదే మొదటిసారి. లేచి పోతుంటే నాకు నిజంగానే దిగులేసింది. ఆయన చుట్టు తిరిగి పెరటి తలుపులోంచి లోపలికి వచ్చి దగ్గడం వినబడుతూనే ఉంది, అయినా దిగులేసింది.

అమ్మ రాలేదు. "నా ఇంట్లో నా కూతుర్ని చూడ్డానికి నేను చుట్టు తిరిగి రావాలా? ఆ పుస్తకంలో సంతకాలు పెట్టాలా? మీకు పిచ్చి పట్టిందని నాకూ పట్టుద్దా?" అని లోపల్నుంచి అరవడం మాత్రం వీధంతా విన్నది. రెండో ఆదివారమూ రాలేదు, మూడో ఆదివారమూ రాలేదు. రిజిస్టర్లో ఆమె సంతకం లేదు.

మూడో ఆదివారం నాన్నని అడిగేశాను. "ఈ రూల్సన్నీ నీకెలా తెలుసు నాన్నా?"

నాన్న అరటిపండు తొక్క తీసి, పండు నాకిచ్చి, తొక్క చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. "నేనూ పోయానమ్మా. ఒంగోల్లో. పది అయ్యాక హాస్టల్లో వేశారు."

"ఎన్నాళ్ళున్నావు?"

"నాలుగు రోజులు."

నాలుగో రోజు సాయంత్రం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాడట. పెట్టె మోసుకొస్తే గేటు దగ్గర పట్టుకుంటారని పెట్టె అక్కడే వదిలేశాడట. మళ్ళీ పోయి తెచ్చుకోవడానికి మొహం చెల్లలేదట. ఆ మర్నాటి నుంచి పొలమే. మెట్ల మీద కునికిపాట్లు పడుతున్న వార్డెను కళ్ళు తెరవకుండానే అంది, "ఆ పెట్టె మా పుట్టింటివాళ్ళు పెట్టింది. ఇత్తడి తాళం."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాన్న నన్ను ఓడించడానికి పదకొండు రూల్సు రాశాడని మూడు వారాలుగా పళ్ళు నూరుతున్నాను. ఆయనేమో తను తట్టుకోలేకపోయినవన్నీ నేను ముందే ఇంట్లో భరించి అలవాటు పడితే, అక్కడ ఐదో రోజు చూస్తానని ఆశపడ్డాడు. ఆ రాత్రి సాంబారు రెండుసార్లు వేయించుకోవాలనిపించింది గానీ మారు అడగకూడదు కదా.

ఇరవై ఎనిమిదో రోజు వచ్చింది. ఇంకో రెండు రోజులు దాటితే గుంటూరు. నాన్న యార్డుకి పోయాడు. కల్లంలో కూలికొచ్చిన ఆడవాళ్ళు నాలుగింటికే ఇళ్ళకి పోయారు. అమ్మ ఒక్కతే ఆఖరి వరసలో తాలు ఏరుతోంది. నేను వసారాలో, నాయనమ్మ నా పక్కన. చెరుకుతోట పిల్ల పెళ్ళి పీటల మీద ఉంది.

గాలి తిరిగింది. పడమటి దిక్కు నల్లబడింది. ఏప్రిల్లో మబ్బు అంటే మా ఊళ్ళో ఎవరికీ కవిత్వం రాదు, అందరి చూపూ కల్లం మీదికే పోతుంది. ఎండిన మిరపకాయ తడిస్తే రంగు పోతుంది, నల్లబడుతుంది, ఏడాది కష్టం తాలు కుప్పలో కలుస్తుంది. అమ్మ లేచి పరుగెత్తుకుంటూ టార్పాలిన్ పట్టా లాగింది. ఒక కొస పట్టుకుంటే రెండో కొస గాలికి లేస్తోంది. ఇటు రాయి పెట్టేలోపు అటు ఎగిరిపోతోంది. చినుకులు మొదలయ్యాయి.

అమ్మ ఒక్కసారి తలెత్తి రోడ్డివతల ఉన్న నావైపు చూసింది.

పిలుస్తుందనుకున్నాను. పిలిస్తే చాలు, ఆమె గెలిచినట్టే. నేను గీత దాటాలి, దాటితే మండలం కాలేజీ. నెల రోజులుగా ఆమె వంకాయలతో, గోంగూరతో చేయలేని పని ఒక్క కేకతో అయిపోతుంది. అసలే మా ఊరి గొంతు, మూడు వీధులు దాటి వినబడుతుంది. అమ్మ నోరు తెరవలేదు. తల దించుకుని పట్టా కొస నడుముకి చుట్టుకుని, ఇంకో కొస కోసం మోకాళ్ళ మీద పాకింది.

చెరుకుతోటని పక్కకి విసిరేశాను. "ఒసేయ్, గీత!" అంది నాయనమ్మ. ఆ అనడం వార్డెనుగా అన్నదో, పోవే అన్నదో నాకు తెలియదు. అప్పటికే నేను రోడ్డు మీద ఉన్నాను.

ఇద్దరం కలిసి చేతులతో, కాళ్ళతో, చీపురుతో కాయల్ని కుప్ప చేసి పట్టా కప్పాం. గాలికి లేవకుండా చెరో పక్కన కొసల మీద కూర్చున్నాం. వాన దంచింది. తడిసిన మిరప ఘాటుకి ఇద్దరికీ తుమ్ములు, దగ్గులు, కళ్ళ వెంట ధారలు. వానకి తడిశామో ఏడ్చామో ఎవరికీ తెలియనంత. తుమ్ముల మధ్యే అమ్మ, "తలకి తువ్వాలు చుట్టుకో, జ్వరమొస్తది" అంది. అంచున ఉన్న రెండు మూడు గంపల కాయ తడిసింది. మిగతాదంతా దక్కింది.

నాన్న వచ్చేసరికి వాన వెలిసింది. వసారా నిండా నా బురద అడుగులు. ఆయన వాటిని చూశాడు, కల్లం చూశాడు, నా తడి జుట్టు చూశాడు. అన్నీ అర్థమయ్యాయి. ముఖం చిన్నబుచ్చుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"దాటావా?"

"దాటాను."

"గీత ఎక్కడుందిరా దాటడానికి?" నాయనమ్మ లేచి నిలబడింది. "వానకి కొట్టుకుపోయింది. చూపించు, ఏదీ గీత? గేటు లేని చోట దాటడమేంటి?"

"ముగ్గు పోతే రూలు పోద్దా అమ్మా?" అన్నాడు నాన్న. కోపంగా కాదు. తన నోటితో తానే అన్న మాటకి కట్టుబడాల్సి వచ్చిన మనిషి ఎలా అంటాడో అలా. రూలంటే ఆయనకి భయం. తనొకసారి తప్పాడు కాబట్టి మరీ భయం. "చీటీ లేకుండా పోయింది కదా. పోయినందుకు నేను తప్పు పట్టను. కానీ మాటంటే మాట."

వాదించడానికి ఏమీ లేదు. ఆ కాయ తడిసినా బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది కూడా. అంత చెడ్డ ఆలోచన వచ్చినందుకు నామీద నాకే అసహ్యమేసింది.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చీర ఇంకా తడిగానే ఉంది. అరిచేతులు కమిలిపోయి ఎర్రగా ఉన్నాయి. గూట్లో ఉన్న రిజిస్టరు తీసి నాన్న ముందు పెట్టింది.

"తల్లి చీటీ ఎక్కడ రాయాలి ఇందులో?"

నాన్న ఆమె ముఖం చూసి, వేలితో ఒక ఖాళీ పేజీ చూపించాడు. అమ్మ నేల మీద కూర్చుంది. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి, చాలా ఏళ్ళుగా పెన్ను పట్టలేదు. ఒక్కో అక్షరం పొడిచి పొడిచి రాసింది. మేం ముగ్గురం వంగి చూశాం. "అమ్మా వార్డెను గారూ, మా అమ్మాయిని ఇంట్లో పని ఉండి నేనే రమ్మన్నాను. ఒక గంట బయటికి పంపించండి. ఇట్లు, తల్లి." కింద సంతకం పెట్టింది. పైన ఒక మూల టైము వేసింది, సాయంత్రం నాలుగున్నర. వాన మొదలుకాక ముందు టైము.

ఆమె నన్ను రమ్మనలేదు. ఆ సంగతి ఆమెకీ నాకూ తెలుసు. వార్డెనుకీ తెలుసు. నాన్న ఆ పేజీని రెండుసార్లు చదివాడు. అమ్మ బొటనవేలి ఎర్ర మరక సంతకం పక్కనే పడింది.

"చీటీ ఉంది," అన్నాడు నాన్న గొంతు సవరించుకుని. "ఉంటే మరి ముందే చూపించొద్దా?"

అమ్మ లేచి నా తలమీదున్న తువ్వాలు లాగి గట్టిగా తుడిచింది, నొప్పి పుట్టేలా. "ఇంకా రెండ్రోజులుంది. పోయి చదువుకో. పచ్చడి ముద్ద ఇవాళ రెండు కాదు, నాలుగు పంపిస్తా."

అప్పటికి గానీ నాకు వెలగలేదు. చెంగు కింద గిన్నెలో ముద్దలు కలిపింది నాయనమ్మ కాదు.

జూన్లో నాన్న కొత్త పెట్టె భుజాన మోసుకుని నన్ను గుంటూరులో దించాడు. దారంతా యార్డు ఎటువైపో చూపిస్తూ వచ్చాడు. హాస్టలు గేటు దగ్గర పెట్టె దింపి, తాళం రెండుసార్లు లాగి చూసి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయాడు. ఐదింటి గంటకి నాకు భయం వేయలేదు, ఒక బక్కెట్టు నీళ్ళూ సరిపోయాయి. నాలుగో రోజు సాయంత్రం మాత్రం గేటువైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. బస్సుల హారన్లు వినబడుతున్నాయి. పెట్టె వదిలేసి పోతే ఎవరికీ తెలియదు. నాన్న ఎందుకు వచ్చేశాడో ఆ సాయంత్రం పూర్తిగా అర్థమైంది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమ వచ్చింది. లెక్కల పుస్తకం తీసి పెదాలు కదుపుతూ చదువుకున్నాను.

ఐదో రోజు ఆఫీసు ఫోనులో రెండు నిమిషాలు మాట్లాడుకోనిచ్చారు. మొదటి రింగుకే నాన్న ఎత్తాడు.

"ఇవాళ ఎన్నో రోజమ్మా?"

"ఐదో రోజు నాన్నా."

"పెట్టె ఎక్కడుంది?" అన్నాడు.

"మంచం కిందే ఉంది. తాళం వేసే ఉంది."

ఫోను అమ్మ చేతికి మారింది. అంతకు ముందు నాన్న ముక్కు చీదిన చప్పుడు వినబడింది. అమ్మ గొంతు మామూలుగానే పెద్దగా ఉంది, పక్కనున్న పిల్లలందరికీ వినబడేంత. "ఏమే, ఉప్మా ఎట్టా ఉంది అక్కడ?"

"అచ్చం నాన్న చేసినట్టే ఉందమ్మా" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను గానీ, మాట పూర్తయ్యేలోపే ఇద్దరం ఏడ్చేశాం.